వీధి మొక్కకు నీటి సంచి: నింపేవాళ్లుంటేనే కొనండి

కొత్తగా నాటిన వీధి చెట్ల మొదళ్లకు చుట్టి కనబడే ఆకుపచ్చ సంచుల గురించి ఈ సమీక్ష. సంచిని కాండం చుట్టూ తిప్పి జిప్పు వేస్తారు. పైనున్న సందులోంచి నీళ్లు నింపుతారు. అడుగునున్న రెండు సన్నని రంధ్రాల్లోంచి ఆ నీరు గంటల తరబడి బొట్టుబొట్టుగా మట్టిలోకి దిగుతుంది. కాలనీ సంఘం, వాలంటీర్లు, మున్సిపాలిటీ కలిసి ఒక వీధిని పచ్చగా చేద్దామని కూర్చున్నప్పుడు కొనాల్సినవాటి జాబితాలో మొక్కల వెనకాలే వచ్చే వస్తువు ఇది.

వస్తువు మంచిదే, చెప్పిన పని చేస్తుంది. అయితే ఆ పని ఒక్కటే: ఒకరు పోసిన నీటిని పట్టి ఉంచి, నేల తాగగలిగినంత నిదానంగా వదలడం. పోసేవాళ్లెవరో తేలకుండా 40 చెట్లకు 40 సంచులు కొంటే, ఎండలు ముదిరేసరికి మిగిలేవి 40 ఖాళీ సంచులు, వాటి మధ్య ఎండు పుల్లలు.

సంచిలో ఏముంటుంది

నిలువుగా నిలబడే రకంలో 55 నుంచి 75 లీటర్లు పడతాయి. 10 సెంటీమీటర్ల మందం దాకా ఉన్న కాండానికి ఒక్క సంచి చాలు. అంతకన్నా లావు చెట్టయితే రెండు సంచుల జిప్పులు ఒకదానికొకటి కలిపి చుట్టొచ్చు. నింపాక మోకాలు దాటి నిలబడుతుంది కాబట్టి కింది కొమ్మ అంతకన్నా పైన మొదలవ్వాలి. కొమ్మలు నేలబారుగా ఉన్న మొక్కలకూ పొదలకూ ఇంకో రకం ఉంది: సైకిల్ ట్యూబులా గుండ్రంగా నేలమీద పడుకునేది, సుమారు 55 లీటర్లది. ఇది మొదలంతా కప్పేస్తుంది. కింద ఏం జరుగుతోందో కనబడదు, పురుగూ ఎలుకా చేరడానికి మంచి చోటు. కొమ్మలు అడ్డురాకపోతే నిలువు సంచే తీసుకోండి.

చేతికొచ్చిన సంచిలో ముందు చూడాల్సింది అడుగు అతుకు. వేడితో అతికించిన అడుగు నిలుస్తుంది. దారంతో కుట్టిన అడుగైతే సూది దిగిన ప్రతి చోటా నీరు కారుతుంది, అప్పుడిక ఆ రెండు రంధ్రాల లెక్కకు అర్థం లేదు. జిప్పు ప్లాస్టిక్‌ది కావాలి, ఇనుముది తుప్పుపట్టి బిగుసుకుంటుంది. ఎత్తడానికి ఉన్న పట్టీలను లాగి చూడండి. నిండు సంచి బరువు 75 కిలోలు. ఆ పట్టీలు సగం బరువుకైనా ఊడకూడదు. నీళ్లు పోసే సందులో పైపుతో పాటు బకెట్ అంచు కూడా ఆనాలి, ఎందుకంటే అన్ని చెట్ల దగ్గరకూ పైపు చేరదు.

75 లీటర్లు ఎందుకు

మొక్క కాండాన్ని నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున కొలవండి. మందంలో ప్రతి సెంటీమీటరుకూ వారానికి 15 లీటర్ల చొప్పున లెక్కేయడం వాడుకలో ఉన్న కొలత. 5 సెంటీమీటర్ల మొక్కకు వారానికి 75 లీటర్లు, అంటే సరిగ్గా ఒక నిండు సంచి. 3 సెంటీమీటర్ల మొక్కకు 45 లీటర్లు చాలు, దానికి సంచి నిండా పోయడం నీటి వృథా.

ఆ 5 సెంటీమీటర్ల మొక్క నర్సరీ నుంచి వచ్చేటప్పుడు దాని వేరుముద్ద వెడల్పు 60 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నాటిన మొదటి నెలల్లో చెట్టు తాగేదంతా ఆ ముద్దలోంచే. చుట్టూ ఉన్న నేల చిత్తడిగా ఉన్నా ముద్ద లోపల పొడిబారిపోవచ్చు. నర్సరీ మట్టి గుల్లగా, వీధి మట్టి బంకగా ఉన్న చోట ఇది తరచూ జరుగుతుంది. పైపుతో పాదు అంచున పోసిన నీరు అంచునే ఇంకుతుంది. సంచి మాత్రం సరిగ్గా వేరుముద్ద నెత్తిన కూర్చుని అక్కడే వదులుతుంది. దీని అసలు గొప్పతనం ఇదే. మూడో ఏటికి ఇది పనికిరాకుండా పోయేదీ ఇందుకే: అప్పటికి నీళ్లు తాగే వేళ్లు సంచి నీడ దాటి దూరం వెళ్లిపోతాయి.

ఇక వేగం సంగతి. మామూలు కొళాయి పైపు నిమిషానికి 15 లీటర్లిస్తుందనుకుంటే 75 లీటర్లకు 5 నిమిషాలు. కానీ వీధి గుంతలోని మట్టి జనం కాళ్ల కింద నలిగి గట్టిపడి ఉంటుంది. గుల్లగా ఉన్న ఒండ్రు నేలే గంటకు 10 నుంచి 20 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది, బంకమట్టయితే 1 నుంచి 5 మిల్లీమీటర్లు. ఐదు నిమిషాల్లో కుమ్మరించిన నీటిలో చాలా భాగం ఫుట్‌పాత్ మీదుగా మురుగుకాలవలో కలుస్తుంది. నిలువు సంచి ఖాళీ కావడానికి 5 నుంచి 9 గంటలు పడుతుంది. 7 గంటలనుకుంటే గంటకు 11 లీటర్లలోపే. ఆ వేగానికి చాలా నేలలు తట్టుకుంటాయి. మరీ బిగుసుకున్న బంకమట్టిలో మాత్రం సంచి నీరు కూడా పక్కకు పారుతుంది. అలాంటి చోట ఒకే తడిగా కాక సగం సగం చేసి రెండు తడులివ్వాలి.

నాటిన మొదటి నెలలో వారానికి ఒక్క తడి చాలదు. వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో వేరుముద్ద రెండు మూడు రోజుల్లోనే ఆరిపోతుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 25 నుంచి 35 లీటర్లు పోయండి. వేళ్లు పక్క మట్టిలోకి పాకడం మొదలయ్యాక వారానికొక నిండు తడికి మారండి.

నింపే పద్ధతి

సంచి కట్టిన తొలిరోజే చాలామంది ఒక పొరపాటు చేస్తారు: జిప్పు వేసి, పైపు పెట్టి, ధారాళంగా వదిలేస్తారు. అడుగున ప్లాస్టిక్ మడతపడి ఉండటంతో నీరంతా ఒక పక్కే చేరుతుంది. సంచి పొట్ట ఒకవైపు ఉబ్బి చెట్టు మీదికి ఒరుగుతుంది. చివరికి రెండో రంధ్రం దగ్గరకు చుక్క నీరు చేరదు.

ముందు మొదలు దగ్గర రాళ్లూ పుల్లలూ ఏరేయండి. సంచి చుట్టి జిప్పు పూర్తిగా పైదాకా వేయండి. ఒక 15 లీటర్లు పోసి ఆపండి. రెండు పక్కలా పట్టీలు పట్టుకుని సంచిని నాలుగు వేళ్ల ఎత్తు లేపి, మెల్లగా కుదిపి దించండి. లోపల మడత విచ్చుకున్నప్పుడు నీరు అటూ ఇటూ సర్దుకున్న చప్పుడు వినబడుతుంది, సంచి అడుగు నేలమీద పరుచుకుంటుంది. అప్పుడు మిగతాది నింపండి. నిండాక సంచి కాండానికి సమంగా నిలబడితే సరిగ్గా కట్టినట్టు.

మొదటిసారి గడియారం చూడటం తప్పనిసరి. ఎన్నింటికి నింపారో, ఎన్నింటికి ఖాళీ అయిందో రాసుకోండి. 3 గంటల్లోపే వంగిపోయిందంటే ఎక్కడో కారుతోంది, చాలావరకు అతుకు దగ్గరే. మర్నాటికి కూడా సగం నిండుగా ఉంటే రంధ్రం మూసుకుపోయింది. ఇసుక రేణువో, లోపల పట్టిన పాచో అడ్డుపడి ఉంటుంది. పళ్లపుల్ల మొనతో తీసి, సంచి తిరగేసి కడగాలి. మేకు దూర్చి రంధ్రం పెద్దది చేశారంటే సంచి కాస్తా చిల్లుల బకెట్ అవుతుంది.

నీరు నిజంగా దిగిందా అనేది సంచిని చూస్తే తెలియదు. మర్నాడు ఒక సన్నని ఇనుప ఊచను వేరుముద్ద అంచున గుచ్చి చూడండి. జానెడు లోతుకు మించి సులువుగా దిగితే తడి అందినట్టే. పైన రెండంగుళాల తర్వాత మొరాయిస్తే నీరు పక్కదారి పట్టింది. నేల వాలుగా ఉన్న చోట్ల ఇది ఎక్కువ. అక్కడ పల్లం వైపు అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు వేస్తే పని జరుగుతుంది.

ఎక్కడ చెడుతుంది

సీజనంతా విప్పకుండా వదిలేసిన సంచిని జిప్పు తీసి చూడండి. కాండం చుట్టూ బెరడు నల్లబడి మెత్తగా ఉంటుంది, గోటితో గీరితే తడి అంటుతుంది. చీమలు గుడ్లతో సహా ప్లాస్టిక్ మడతల్లో కాపురం పెట్టి ఉంటాయి. కొన్ని జాతుల్లో మట్టికి పైన, కాండం మీదే, తెల్లటి దారాల్లాంటి వేళ్లు మొలుచుకొస్తాయి. బెరడు గాలి తగిలి ఆరడానికి పుట్టింది. రోజుల తరబడి తడిలో నానితే శిలీంధ్రం చేరుతుంది, మొక్క ఏడాది తర్వాత ఎందుకు వాడిందో ఎవరికీ అర్థం కాదు. వారంలో కనీసం ఒక రోజంతా జిప్పు తీసి సంచిని పక్కకు లాగి ఉంచండి. నింపే ముందురోజు అందుకు అనువు. ఎలాగూ సంచి ఖాళీగా ఉంటుంది.

ఈ సంచి ఇంకో లోపాన్ని దాచిపెడుతుంది. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు నేలకు పైన కనబడాలి. లోతుగా నాటిన మొక్కలోనూ, మొదలు చుట్టూ మట్టి గుట్టగా పోసిన మొక్కలోనూ అది పూడిపోతుంది. సంచి కట్టాక ఆ తప్పు ఎవరి కంటా పడదు. కట్టకముందే మొదలు చూసి, పూడి ఉంటే మట్టి లాగేయాలి. చెక్కపొట్టు కప్పేవాళ్లు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం చాలని, కాండానికి బెత్తెడు దూరం వదలాలని గుర్తుంచుకోండి. ఎండిన పొట్టు మందంగా ఉంటే సంచి నీటిలో కొంత అదే తాగేస్తుంది.

ఊతకర్రలు వేరుముద్దకు బయట పాతితే సంచికి అడ్డురావు. కాండానికి ఆనించి పాతిన కర్ర మాత్రం సంచిని ఒరగదోస్తుంది, దాని మొన గీసుకుని ప్లాస్టిక్ చిరుగుతుంది.

వీటన్నిటికన్నా నష్టం చేసేది ఖాళీ సంచి. పాదులో మట్టి ఎండితే దారినపోయేవాళ్లకు తెలుస్తుంది, ఒకరైనా ఒక బకెట్ పోస్తారు. సంచి కనబడితే మాత్రం "దీని సంగతి ఎవరో చూసుకుంటున్నారు" అనుకుని సాగిపోతారు. పైగా ఖాళీ సంచి మొదలు మీద గొడుగులా పడి, చిన్నపాటి వాన కురిస్తే ఆ కాస్తా మట్టికి అందనివ్వదు.

సంచి లేకుండా కుదరదా

చాలాచోట్ల కుదురుతుంది, ఇది కొనేముందే ఆలోచించాలి. మీటరు వెడల్పుతో గుండ్రటి పాదు చేసి, చుట్టూ గట్టి గట్టు వేస్తే 75 లీటర్లు పోసినప్పుడు నిలిచే నీటి లోతు 10 సెంటీమీటర్లలోపే. 12 సెంటీమీటర్ల గట్టు ఆ నీటిని మొత్తం ఆపుతుంది. నేల చదునుగా ఉండి, పాదు తొక్కకుండా కాపాడుకోగలిగితే సంచి చేసే పనే ఇదీ చేస్తుంది. రెండు మూడు వారాలకొకసారి గట్టు సరిచేయాలి, అంతే.

20 లీటర్ల పాత బకెట్ల అడుగున 2 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి వేరుముద్ద చుట్టూ నాలుగు పెట్టడం ఇంకో దారి. బెరడు నానదు, రంధ్రం మూసుకుపోతే వెంటనే తెలుస్తుంది. రాత్రికి వీధిలో ఉంచితే తెల్లారేసరికి మాయమవుతాయనేదే దీని ఇబ్బంది. ట్యాంకరు పైపుతో పోయించడం పైకి సులువనిపిస్తుంది కానీ, ధార వేగానికి మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి. ట్యాంకరే రావాల్సిన పరిస్థితి ఉంటే సంచి తప్పకుండా కొనండి. ట్యాంకరు ఒక్కో చెట్టు దగ్గర కొద్ది నిమిషాలే ఆగుతుంది, తర్వాతి ఏడు గంటల పని సంచి చూసుకుంటుంది. ఫుట్‌పాత్‌లో తవ్విన ఇరుకు గుంతలకూ, వాలు వీధులకూ, కొళాయి లేని ఖాళీ స్థలాలకూ కూడా సంచి సరైనదే.

40 చెట్లు, 3,000 లీటర్లు

40 చెట్ల వీధికి వారానికి 3,000 లీటర్లు కావాలి. ఇద్దరు మనుషులు పైపు లాక్కుంటూ చెట్టుకు 8 నిమిషాల చొప్పున తిరిగితే 5 గంటల 20 నిమిషాలు. నాటిన ఉత్సాహంలో రెండు వారాలు చేస్తారు, మూడో వారం ఒకరే వస్తారు. అదే పనిని ఇంటికొక చెట్టుగా పంచితే ఒక్కో ఇంటికి వారానికి 8 నిమిషాలు. అందుకే సంచులు కొనేముందు కాగితం మీద పెట్టాల్సినవి ఉన్నాయి: ఏ చెట్టు ఏ ఇంటిది లేదా ఏ దుకాణానిది, ఏ వారం రోజున, ఎవరి కొళాయి నుంచి, ఆ నీటి ఖర్చు ఎవరిది, ఊరెళ్తే బదులెవరు. ప్రతి పది చెట్లకూ ఒక మనిషి తిరిగి చూడాలి. పది సంచులకు ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి, జిప్పులు పోతాయి. సంచి మీదే చెరగని సిరాతో "మంగళవారం నింపాలి. ఖాళీగా ఉంటే ఒక బకెట్ పోయండి" అని రాస్తే, ఖాళీ సంచిని చూసి సాగిపోయే మనిషి కూడా ఆగుతాడు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. న్యూయార్క్‌లో 1999 నుంచి 2003 వరకు నాటిన 13,405 వీధి మొక్కలను 2006, 2007 వేసవుల్లో వెళ్లి చూస్తే 74.3 శాతం బతికి ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్లు పట్టించుకుంటున్న గుర్తులున్న చెట్లు మిగతావాటికన్నా బాగా నిలిచాయి. డెట్రాయిట్‌లో 2011 నుంచి 2014 మధ్య ఇంటి ముందు ఉచితంగా చెట్టు నాటుతామంటే, అర్హులైన 7,425 మందిలో సుమారు 1,800 మంది వద్దన్నారు. చెట్లంటే వాళ్లకు ఇష్టం లేక కాదు. ఏ చెట్టు వేయాలో తమను అడగలేదు, తర్వాతి చాకిరీ తమ మీద పడుతుందని పాత అనుభవం చెప్పింది. సంచులు పంచుతున్న బృందాలు ఈ సంగతి గట్టిగా పట్టించుకోవాలి. జాతి ఎంపికలో మాట లేని మనిషి చేతికి సంచి ఇచ్చి మంగళవారం నింపమంటే ఎందుకు నింపాలి? మొక్కల జాబితా ఖరారు కాకముందే ఆ వీధివాళ్లను కూర్చోబెట్టి, ఆకు రాల్చే తీరు, పెరిగే ఎత్తు, వేళ్లు ఫుట్‌పాత్‌ను లేపే గుణం చెప్పి, వాళ్ల చేత ఎంపిక చేయించండి.

ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను చీటీ వేసినట్టు మూడు గుంపులుగా విడదీసి చేసిన పరిశీలన 2018లో వెలువడింది. పచ్చదనం తెచ్చిన స్థలాల్లో చేసింది పెద్ద పనేమీ కాదు. చెత్త తీశారు, నేల చదును చేశారు, గడ్డీ కొన్ని చెట్లూ వేశారు, లోపలికి దారి వదిలి పొట్టి చెక్క కంచె కట్టారు, తర్వాత క్రమం తప్పకుండా చూసుకున్నారు. పేద పేటల్లో, బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. అలాంటి స్థలాలు తీసుకునే బృందాలకు ఒక హెచ్చరిక: అక్కడ కొళాయి ఉండదు. 20 లీటర్ల డబ్బాతో ఒక సంచి నింపాలంటే నాలుగు తిరుగుళ్లు. పక్క ఇంటి కొళాయికి ముందే ఒప్పందం చేసుకోండి, లేదా తోపుడుబండి మీద 200 లీటర్ల పీపా పెట్టుకోండి. దాంతో రెండున్నర సంచులు నిండుతాయి.

విప్పేసే రోజు

గట్టిగా వానలు పడుతున్న వారాల్లో సంచి విప్పేయండి. నేల గడ్డకట్టేంత చలి ఉన్న ప్రాంతాల్లో చలికాలం ముందే తీసేయాలి, లోపల నీరు గడ్డకడితే అతుకులు విచ్చుకుంటాయి. తీసిన సంచిని కడిగి, తలకిందులుగా వేలాడదీసి పూర్తిగా ఆరాక, జిప్పు పళ్లకు కొవ్వొత్తి మైనం రుద్ది, మడవకుండా చుట్టి నీడలో పెట్టండి. మడత దగ్గరే ప్లాస్టిక్ ముందు పగులుతుంది.

ఒక చెట్టుకు సంచి ఒక సీజను, కష్టమైన చోట రెండు సీజన్లు చాలు. కొత్త చిగుళ్లు ఆరోగ్యంగా వస్తూ, వారం తడి తప్పినా ఆకులు వేలాడకపోతే వేళ్లు బయటికి పాకినట్టే. అప్పటినుంచి నీళ్లు మొదలు దగ్గర కాక కొమ్మల అంచు కింద, వెడల్పు పాదులో పోయాలి. విప్పిన సంచిని నీళ్లు నింపి ఒకసారి కారుడు చూసి, అదే వీధిలో చచ్చిన మొక్క స్థానంలో నాటిన కొత్తదానికి కట్టండి. దాని మీద రాసిన వారం పేరు ఆ ఇంటివాళ్లకు కుదిరే రోజుకు మార్చండి.